దాచిగామ్ వేటవనం – చలికాలపు కావలి

మన ప్రబంధ కవులకు మృగయావర్ణన ప్రీతిపాత్రమైన ఘట్టం. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని స్వరోచి వేట తెలుగు పాఠకులకు సుపరిచితమే. రాజు సపరివారంగా బయలుదేరడం, వలలు, జాగిలాలు, అడవి అంతటా కోలాహలం – ఇవన్నీ కన్నులకు కట్టినట్లు సాగుతాయి. వేట ముగియగానే ఆ అడవి కావ్యంలో తెరమరుగవుతుంది. రాజు మళ్ళీ వచ్చేదాకా ఆ మృగాలను ఎవరు కాచారు, మేత దొరకని కాలంలో అవి ఎలా బ్రతికాయి, అడవి అంచున ఉన్న పల్లెలు అందుకు ఏ మూల్యం చెల్లించాయి అన్న ప్రశ్నలతో కావ్యానికి పనిలేదు. చరిత్రకు మాత్రం అవే ముఖ్యమైన ప్రశ్నలు.

వేటవనం మన దేశంలో ప్రాచీనమైన వ్యవస్థ. రాజవిహారం కోసం కందకంతో రక్షితమై, ఒకే ద్వారం గల మృగవనాన్ని ఏర్పరచాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. సకల మృగాలు అతిథులుగా నివసించే మరొక వనాన్ని కూడా అది పేర్కొన్నది. 19, 20 శతాబ్దాల సంస్థానాధీశులు ఈ సంప్రదాయాన్ని తమ తమ పద్ధతులలో కొనసాగించారు. నేటి హైదరాబాదు నగరంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పటి నిజాము వేటభూమి. మెదక్ ప్రాంతంలో నిజాము వేటాడిన పోచారం అడవి 1952లో అభయారణ్యమయింది. అయితే మంచు కురిసే కొండలలో వేటవనాన్ని నిర్వహించడం మైదానాలలో నిర్వహించడం వంటిది కాదు. అక్కడ మృగాల భవితవ్యం చలికాలపు నాలుగు నెలలలోనే తేలిపోతుంది. కాశ్మీరులోని దాచిగామ్ చరిత్ర ఈ విషయాన్ని స్పష్టంగా నిరూపిస్తుంది.

నీటి కోసం, వేట కోసం

శ్రీనగర్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, జబర్వాన్ కొండల ఒడిలో దాచిగామ్ ఉన్నది. దాని విస్తీర్ణం 141 చదరపు కిలోమీటర్లు. దిగువన సుమారు 1,700 మీటర్ల ఎత్తులో మొదలయ్యే ఈ లోయ, పైన 4,000 మీటర్లకు మించిన శిఖరాల దాకా వ్యాపించింది. ఎగువన మార్సర్ సరస్సులో పుట్టిన దగ్వాన్ వాగు లోయ పొడవునా పారి, హార్వాన్ మీదుగా దాల్ సరస్సును చేరుతుంది. లోయ ముఖద్వారంలో ఉన్న ఈ హార్వాన్ ప్రాచీన బౌద్ధక్షేత్రం. బోధిసత్త్వ నాగార్జునుడు షడర్హద్వనంలో నివసించాడని 12వ శతాబ్దికి చెందిన కల్హణుని రాజతరంగిణి చెప్పింది. ఆ షడర్హద్వనమే హార్వాన్ అని పండితులు గుర్తించారు. నాగార్జునకొండ పేరు తెలిసిన తెలుగువారికి ఈ స్థలం పూర్తిగా పరాయిది కాదు.

ఆధునిక కాలంలో దాచిగామ్‌కు ప్రాముఖ్యం రావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది నీరు. 1892లో శ్రీనగర్‌లో కలరా విజృంభించి వేలమందిని బలిగొన్నది. నగరానికి శుద్ధమైన నీరు అందించవలసిన అగత్యం పాలకులకు బోధపడింది. హార్వాన్ జలాశయానికి నీరిచ్చే దగ్వాన్ వాగు పరిశుభ్రంగా ఉండాలంటే ఎగువ అడవిలో జనావాసాలు, పశువుల మందలు ఉండరాదన్న అభిప్రాయం ఏర్పడింది. రెండవ కారణం వేట. కాశ్మీరుకే ప్రత్యేకమైన హంగుల్ దుప్పికి ఈ లోయ నెలవు. మహారాజా ప్రతాప్‌సింగ్ పాలనలో 1910 నుండి దాచిగామ్ రక్షిత వేటవనమయింది. కాశ్మీరులో ఇటువంటి వనాలను ‘రఖ్’ అని పిలిచేవారు. దాచిగామ్ అన్న పేరుకు ‘పది గ్రామాలు’ అని అర్థం చెబుతారు. వనం కోసం అక్కడి నుండి తరలించిన పల్లెల జ్ఞాపకం ఆ పేరులో నిలిచి ఉన్నదని స్థానికుల విశ్వాసం.

రాజు లేని ఋతువు

జమ్మూ కాశ్మీరు సంస్థానంలో రాజధాని ఋతువుతోపాటు మారేది. వేసవిలో శ్రీనగర్, చలికాలంలో జమ్మూ. మహారాజా రణబీర్‌సింగ్ 1872లో ప్రారంభించిన ఈ ‘దర్బారు తరలింపు’ వల్ల కార్తీకం గడిచేసరికి కచేరీలు, దస్తావేజులు, ఉద్యోగులు బనిహాల్ పర్వతాలు దాటి దక్షిణానికి చేరుకునేవి. వనంలో శరదృతువు వేటకు అనువైన కాలం. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మగ హంగుల్‌లు ఆడవాటి కోసం పోటీపడుతూ బిగ్గరగా అరుస్తాయి. ఆ అరుపును బట్టి వేటగాడు వాటి ఉనికిని సులభంగా కనిపెట్టగలడు. ఆ సందడి సద్దుమణిగి, దర్బారు జమ్మూకు తరలిన తరువాత వనంలో అసలు పరీక్ష మొదలయ్యేది.

కాశ్మీరీలు చలికాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజులు ‘చిల్లై కలాన్’, అంటే పెద్ద చలి. తరువాతి 20 రోజులు ‘చిల్లై ఖుర్ద్’, చిన్న చలి. చివరి పది రోజులు ‘చిల్లై బచ్చా’, పసి చలి. పెద్ద చలిలో సరస్సుల అంచులు గడ్డకడతాయి, కొండదారులు మూసుకుపోతాయి. వేసవిలో పై మైదానాలలో మేసిన హంగుల్‌లు మంచుకు వెనుదీసి దిగువ దాచిగామ్‌కు చేరుకుంటాయి. పైన విశాలమైన కొండలలో చెదిరి ఉండే మందలు చలికాలంలో ఊళ్ళకు చేరువగా ఉండే ఇరుకైన లోయలో గుమికూడుతాయి. పచ్చిక మంచు కింద పడిపోవడంతో ఎండిన ఆకులు, కొమ్మల చివళ్ళు, చెట్ల బెరడు వాటికి ఆహారమవుతాయి. శరదృతువులో జతకట్టే పోరాటాలలో మేత మరచిన మగవి అప్పటికే చిక్కి ఉంటాయి. లోతైన మంచులో కాళ్ళు కూరుకుపోయిన దుప్పిని పట్టడానికి గొప్ప నైపుణ్యమేమీ అక్కరలేదు. కుక్క చాలు, గొడ్డలి చాలు. చిరుతపులి కూడా వాటి వెంటనే దిగివస్తుంది.

రాజుగారి తుపాకి వల్ల మృగాలకు కలిగే ముప్పు కొద్ది రోజులది, కొద్ది సంఖ్యకు పరిమితమైనది. ఆకలి, మంచు, దొంగవేట కలిసి తెచ్చిపెట్టే ముప్పు నెలల తరబడి నిలిచేది. కనుక వేటవనం నిర్వహణ అనేది ప్రధానంగా చలికాలపు పని. ఆ పని చేసినవారు రాజులూ కారు, అతిథులుగా వచ్చిన దొరలూ కారు. వనం కావలివారు, షికారీలు ఆ భారాన్ని మోశారు.

మంచుపై వ్రాసిన లెక్క

చలికాలంలో కావలివాని సంపద స్వల్పం. మోకాళ్ళు దాటి దిగే ఫెరన్ అన్న ఉన్ని అంగీ, దాని లోపల వేడికి పెట్టుకునే నిప్పుల కుంపటి ‘కాంగ్డీ’, కాళ్ళకు వరిగడ్డితో అల్లిన ‘పులహోర్’ చెప్పులు. నున్నని మంచు మీద జారకుండా నడవడానికి తోలు చెప్పు కంటే ఈ గడ్డిచెప్పే మేలు. ఆహారానికి వేసవిలో ఎండబెట్టి దాచిన వంకాయ, సొరకాయ ముక్కలు, అన్నం, ఉప్పుటీ. కాశ్మీరు పల్లెలలో చలికాలపు భోజనం చాలాకాలం ఇదే.

కావలివానికి మంచు శత్రువే కాక సాక్షి కూడా. ఇతర ఋతువులలో అడవి దాచే విషయాలను చలికాలం బయటపెడుతుంది. రాత్రి కురిసిన మంచు మీద ఉదయం పడిన గిట్టల గుర్తులను బట్టి మంద ఎంతది, ఎటు వెళ్ళింది, అందులో పిల్లలున్నాయా అన్నది తెలుస్తుంది. మనిషి అడుగుల వెంట కుక్క అడుగులు కనిపిస్తే దొంగవేట జాడ తెలిసినట్లే. కస్తూరి మృగం కోసం పన్నిన ఉచ్చులు వెదకి తీయడం, కట్టెల కోసం నరికిన చెట్లను గుర్తించడం, మంచులో చిక్కిన జంతువును కనిపెట్టడం ఈ కావలిలో భాగాలు. ఫాల్గుణ, చైత్రాలలో మగ హంగుల్‌లు కొమ్ములు రాలుస్తాయి. రాలిన కొమ్ములు చూస్తే ఎన్ని మగవి చలిని దాటాయో అంచనా దొరుకుతుంది. గ్రంథాలకెక్కని ఈ విజ్ఞానం తండ్రి నుండి కొడుకుకు నడకలోనే సంక్రమించేది.

స్కాట్లండు నుండి వచ్చిన గుడ్లు

దాచిగామ్ చలికాలపు పనులలో మరొకటి చేపల పెంపకం. ట్రౌట్ చేప కాశ్మీరుది కాదు. గాలంతో ట్రౌట్‌ను పట్టడం బ్రిటిష్ వారికి అభిమాన క్రీడ. 1899లో బ్రిటన్ నుండి ట్రౌట్ గుడ్లను తెప్పించే తొలి ప్రయత్నం విఫలమయింది. దారిలోనే గుడ్లు చెడిపోయాయి. 1900 డిసెంబరులో స్కాట్లండు నుండి వచ్చిన రెండవ విడత గుడ్లు బ్రతికాయి. శ్రీనగర్‌లో తివాచీల పరిశ్రమ నడిపిన ఫ్రాంక్ మిచెల్ ఈ కార్యానికి సారథి. దాచిగామ్, హార్వాన్‌ల చల్లని నీటిలో చేపపిల్లలు పెరిగి, అక్కడి నుండి కాశ్మీరు వాగులన్నింటికీ వ్యాపించాయి.

ట్రౌట్ చలికాలపు ఆరంభంలో గుడ్లు పెడుతుంది. కనుక పెంపక కేంద్రంలో పని ఒత్తిడి చలి ముదిరిన వేళకే పెరుగుతుంది. ఆడచేప పొట్టను మెల్లగా నొక్కి గుడ్లు రాబట్టాలి. మగచేప నుండి తీసిన బీజంతో కలపాలి. పారే చల్లని నీటిలో అమర్చిన పళ్ళాలలో పరచాలి. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది. దానిని వెంటనే ఏరివేయకపోతే బూజు పట్టి పక్క గుడ్లను కూడా చెరుస్తుంది. మంచునీటిలో వ్రేళ్ళు కొంకర్లు పోతున్నా ఈ ఏరివేత రోజూ సాగవలసిందే. వేసవిలో వాగు ఒడ్డున గాలం వేసి కూర్చున్న అతిథి ఆనందం వెనుక ఈ చేతుల శ్రమ ఉన్నది.

గుడ్లతోపాటు ఒక భావన కూడా స్కాట్లండు నుండి వచ్చిందనుకోవచ్చు. 19వ శతాబ్దిలో ఆ దేశపు కొండప్రాంతాలలో విస్తారమైన భూములు దుప్పివేటకు ప్రత్యేకించిన ఎస్టేట్లుగా మారాయి. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్‌ను కొనుగోలు చేయడంతో ఆ జీవనవిధానానికి మరింత గౌరవం వచ్చింది. అక్కడ 2023 వరకు మగదుప్పుల వేటకాలం అక్టోబరు 20తో ముగిసేది. అతిథులు వెళ్ళిపోయాక, ఫిబ్రవరి మధ్య వరకు ఎస్టేటు వేటగాండ్రు ఆడదుప్పులను కాల్చి సంఖ్యను అదుపులో ఉంచుతారు. అక్కడ చలికాలపు పని తగ్గించడం. దాచిగామ్‌లో అది నిలబెట్టడం. ఒకే విధమైన వినోదం రెండు దేశాలలో రెండు విరుద్ధ సమస్యలను మిగిల్చింది.

పల్లెలు చెల్లించిన మూల్యం

వేటవనం వల్ల మృగాలు బ్రతికాయన్నది సత్యం. ఆ సత్యానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. చలికాలంలో కాశ్మీరు రైతుకు అత్యవసరమైనది నిప్పు. కాంగ్డీలో వేసే బొగ్గు కోసం రాలిన ఆకులు, పుల్లలు సేకరించి కాల్చుకోవాలి. పశువులకు మేత కావాలి. వీటికి ఆధారమైన అడవి రఖ్‌గా మారినప్పుడు, నిన్నటి హక్కు నేటి నేరమవుతుంది. పంట కోతకు వచ్చే వేళ ఎలుగులు మొక్కజొన్న చేలలోకి, పండ్లతోటలలోకి దిగుతాయి. ఇది చాలదన్నట్లు డోగ్రా పాలకులు వేట కోసం అడవిపందులను కూడా తెచ్చి కాశ్మీరులో వదిలారు. రాజు వేటకు ఉద్దేశించిన జంతువు మీద రైతు చేయి చేసుకొనరాదు.

వెట్టిచాకిరి, మేతపన్ను, భూమిపై హక్కు లేకపోవడం కాశ్మీరు గ్రామీణుల పాత బాధలు. 1931లో ప్రజాందోళన చెలరేగిన తరువాత నియమితమైన గ్లాన్సీ కమిషన్ 1932లో సమర్పించిన నివేదికలో ఇవన్నీ చర్చకు వచ్చాయి. రఖ్‌ల పట్ల పల్లెల మనోభావాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. రైతు దృష్టిలో హంగుల్ అందమైన జంతువు మాత్రమే కాదు. అది రాజుగారి జంతువు. వేటజంతువుల సంరక్షణకు సంస్థానం 1942లో చట్టం చేసింది. కానీ ఆ చట్టం వెనుక ఉన్న బలం అధికారపు భయమే తప్ప ప్రజల సమ్మతి కాదు. కావలివాడు కూడా ఆ పల్లెలవాడే. ఉద్యోగం వనానిది, బంధుత్వం ఊరిది. మంచు మీద తాను గుర్తించిన అడుగులు తన పొరుగువానివే అయినప్పుడు అతడు ఎదుర్కొన్న సంకటం ఏ దస్తావేజుకూ ఎక్కలేదు.

కావలి సడలిన తరువాత

20వ శతాబ్ది ప్రారంభంలో హంగుల్‌ల సంఖ్య 3,000 నుండి 5,000 వరకు ఉండేదని సాధారణంగా పేర్కొనే అంచనా. కిషన్‌గంగ లోయ నుండి చంబా కొండల దాకా అవి విస్తరించి ఉండేవి. 1947 అక్టోబరులో కాశ్మీరు మీద దాడి జరిగింది. రాచరికం చివరి దశకు చేరుకొని 1952లో రద్దయింది. దాచిగామ్ 1951లో అభయారణ్యమని ప్రకటితమైనా, కాగితం మీది పేరు మారినంత త్వరగా అడవిలో కావలి కుదుటపడలేదు. దొంగవేట పెరిగింది. వేసవిలో ఎగువ మైదానాలను పశువుల మందలు ఆక్రమించాయి. 1960ల ఆరంభంలో వనం లోపలే ప్రభుత్వ గొర్రెల పెంపకక్షేత్రం వెలసి దశాబ్దాలపాటు కొనసాగింది. ప్రకృతి పరిశీలకుడు ఇ.పి. జీ ఈ క్షీణతను ఆనాడే గుర్తించాడు. 1970 నాటికి హంగుల్‌లు రెండు వందలకు లోపే మిగిలాయి.

ఈ పతనానికి ఒకే కారణం చూపడం సరికాదు. అశాంతి, పేదరికం, మేతభూముల కొరత, పాలనలో అలసత్వం అన్నీ కలిసి పనిచేశాయి. అయితే ఒక పాఠం మాత్రం స్పష్టం. భయం మీద నిలబడిన రక్షణ, భయపెట్టే అధికారం తొలగగానే కూలిపోయింది. దశాబ్దాలపాటు అడవి బయట నిలిచిన మనిషికి, ద్వారం తెరచుకున్న నాడు ఆ అడవిని తనదిగా కాపాడుకోవడానికి కారణం కనిపించలేదు.

1970లో రాష్ట్రప్రభుత్వం అంతర్జాతీయ సంస్థల సహకారంతో హంగుల్ సంరక్షణ పథకం చేపట్టింది. జమ్మూ కాశ్మీరు 1978లో తనదైన వన్యప్రాణి చట్టం చేసింది. 1981లో దాచిగామ్ జాతీయ ఉద్యానవనమయింది. 1972 నాటి జాతీయ వన్యప్రాణి సంరక్షణ చట్టం 2019లో అక్కడికి వర్తించింది. ఒకప్పుడు వేటకు పిలిచిన రాజముద్ర స్థానంలో, వేటను నిషేధించే రాజ్యాంగబద్ధమైన చట్టం వచ్చింది. సంఖ్య మాత్రం ఇంకా ఆందోళన కలిగించేదే. 2004 గణనలో 197 హంగుల్‌లు లెక్కకు రాగా, 2008లో అది 127కు పడిపోయింది. 2023 గణనలో 289కి చేరింది. ఒకప్పటి వేల సంఖ్యతో పోలిస్తే ఇది గుప్పెడు మాత్రమే.

మారని పని

ఈ గణనలు చలికాలం ముగిసే వేళ, మార్చి నెలలో జరగడం గమనార్హం. మందలు ఇంకా దిగువ లోయలో గుమికూడి ఉంటాయి. ఆకులు చిగురించవు గనుక అడవి లోపలికి చూపు సాగుతుంది. చలిని దాటినవి ఎన్ని అన్నదే లెక్క. మంచు ఎక్కువగా పడిన ఏళ్ళలో ఎండుగడ్డి, ఉప్పుగడ్డలు అందించడం, చిక్కిన జంతువును ఒడ్డుకు చేర్చడం, పాదముద్రలు వెదకుతూ తిరగడం నేటికీ వనం ఉద్యోగుల చలికాలపు విధులే. మహారాజు పోయాడు, తుపాకి పోయింది, కావలివాని నడక మాత్రం నిలిచింది.

వేటవనాల చరిత్రను సాధారణంగా రాజుల విలాసంగానో, వన్యప్రాణి సంరక్షణకు తొలిమెట్టుగానో వ్రాస్తారు. రెండూ అసంపూర్ణాలే. దాచిగామ్ రాజవినోదం కోసం ఏర్పడింది. నగరానికి మంచినీటిని ఇచ్చింది. ఒక అరుదైన జాతికి చివరి ఆశ్రయమయింది. ఈ మూడింటి భారాన్నీ మోసినది ఊళ్ళు వదిలిన కుటుంబాలు, కట్టెపుల్లకు కరువైన పల్లెలు, చిల్లై కలాన్‌లో గడ్డిచెప్పులతో తిరిగిన కావలివారు. హార్వాన్ నీటిని త్రాగే నగరవాసికి, హంగుల్‌ను చూసి మురిసే యాత్రికునికి వారి పేర్లు తెలియవు. అడవిని రక్షించే ప్రణాళికలలో ఆ పల్లెలకు న్యాయమైన వాటా దక్కిన రోజున ఆ పాత ఋణం తీరడం మొదలవుతుంది. అంతవరకు ప్రతి చలికాలమూ ఆ లోయలో మృగాలకే కాక, మనుషుల విజ్ఞతకూ పరీక్షాకాలమే.